కోహీబా: ఆ ధర ఆకుదా, పేరుదా?

డ్యూటీ టైమింగ్స్ వల్ల ఈ వారం ఎపిసోడ్ వినలేకపోయినవాళ్ల కోసం, విన్నా లెక్కలు గుర్తుపెట్టుకోలేకపోయినవాళ్ల కోసం ఈ పోస్టు రాస్తున్నా. పూర్తి ట్రాన్‌స్క్రిప్ట్ ఎప్పటిలాగే కింద ఉంటుంది. ఇక్కడ అసలు సంగతి మాత్రం కొంచెం వివరంగా పెడుతున్నా.

ప్రశ్న జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఒక డ్రైవర్ తమ్ముడిది. వాయిస్ మెసేజ్ పంపాడు: "అన్నా, మా కఫీల్ ఈద్‌కి రెండు సిగార్లు ఇచ్చిండు. పసుపు పట్టీ ఉంది, కోహీబా అని రాసుంది. ఒక్కోటి మూడు నాలుగు వందల రియాళ్లంట. నిజంగ అంత ఉంటదా? పొగాకే కదన్నా అది? ఉత్త పేరుకేనా?"

ఈ ప్రశ్న నాకు నచ్చింది. నేను దోహాలో ఒక హోటల్ లాంజ్‌లో పనిచేస్తాను. సిగార్లు పెట్టే హ్యూమిడర్ తాళం నా దగ్గరే ఉంటుంది. నాకు రోజూ తాగే అలవాటు లేదు. కానీ ట్రైనింగ్‌లో వేరువేరు బ్రాండ్లు పక్కపక్కన పెట్టి రుచి చూపించారు. రోజూ కోసేది, వెలిగించి ఇచ్చేది, బిల్లు కొట్టేది నేనే. కాబట్టి ఈ విషయంలో నాలుగు ముక్కలు చెప్పగలను.

ముందు ఒక లెక్క చెప్తా. కోహీబాలో సిగ్లో 6 అనే రకం ఒక్కటి దాదాపు వంద అమెరికన్ డాలర్ల చుట్టుపక్కల ఉంటుంది. డాలరుకు 3.64 రియాళ్ల చొప్పున 364 రియాళ్లు. ఖతర్‌లో 2021 మార్చి నుంచి కనీస మూల జీతం నెలకు 1,000 రియాళ్లు. అంటే ఒక్క సిగార్ పదకొండు రోజుల జీతం. 25 సిగార్ల డబ్బా తొమ్మిది నెలల జీతం. గంటా గంటన్నరలో బూడిదైపోయే వస్తువుకి ఇంత ధర ఎందుకు అని అడగడం తప్పేమీ కాదు. అడగాల్సిందే.

ఈ పేరు ఎక్కడిది

కోహీబా అనేది క్యూబా దీవి మూలవాసులు, టైనో జనం మాట. పొగాకు ఆకుల్ని చుట్టగా చుట్టి తాగేదానికి వాళ్లు పెట్టుకున్న పేరు అంటారు. 1492లో కొలంబస్ మనుషులు ఆ దీవిలో దిగినప్పుడు ఈ చుట్టల్ని చూశారు. ఆ జనం తర్వాత దాదాపుగా తుడిచిపెట్టుకుపోయారు, మాట మాత్రం మిగిలింది.

బ్రాండు కథ 1960ల్లో మొదలైంది. ఫిడెల్ కాస్ట్రో అంగరక్షకుల్లో ఒకాయన తాగుతున్న సిగార్ వాసన కాస్ట్రోకి నచ్చింది. అది ఎవరు చుట్టారని ఆరా తీస్తే ఎడ్వార్డో రివేరా అనే పనివాడి పేరు బయటికొచ్చింది. హవానా శివార్లలో ఎల్ లగీతో అనే పాత భవంతిని ఫ్యాక్టరీగా మార్చి, అక్కడ ఈ సిగార్లు చుట్టించారు. అక్కడ మొదట్లో చుట్టింది ఎక్కువగా ఆడవాళ్లే. 1966ని బ్రాండు పుట్టిన సంవత్సరంగా లెక్కేస్తారు. చాలా ఏళ్లు ఇవి బజార్లో దొరకలేదు. కాస్ట్రో తాగేవాడు, విదేశీ నాయకులకు కానుకగా పంపేవాడు. 1982లోగానీ మామూలు అమ్మకానికి రాలేదు.

ఇక్కడే ఒక విషయం గమనించాలి. మిగతా బ్రాండ్లు దుకాణంలో పుట్టి పేరు తెచ్చుకున్నాయి. ఇది పేరుతోనే దుకాణానికి వచ్చింది. "డబ్బు పెట్టినా దొరకదు" అన్న ముద్ర ముందే పడిపోయింది. ఇప్పుడు కడుతున్న ధరలో కొంత భాగం ఆ ముద్రకే.

లోపల ఏముంది

సిగార్ అంటే మూడు రకాల ఆకులు. బయట కనిపించే పైఆకు, దాని కింద బిగించి పట్టుకునే కట్టు ఆకు, లోపల నింపే ఆకు. కాగితం ఉండదు, ఫిల్టర్ ఉండదు.

నింపే ఆకు మొక్కలో ఏ ఎత్తు నుంచి కోశారన్నది ముఖ్యం. కింది ఆకు బాగా మండుతుంది. దాన్ని వొలాదో అంటారు. మధ్య ఆకు సెకో, వాసన దానిదే. పైఆకు లిహేరో, ఎండ ఎక్కువ తగిలి ఘాటెక్కుతుంది. కొన్ని మొక్కలకి మాత్రమే, కొసన, మేదియో తియెంపో అనే చిన్న ఆకులు రెండు వస్తాయి. 2010లో వచ్చిన కోహీబా బెహీకే రకంలో ఈ ఆకు వాడతారు. అన్ని మొక్కలకీ రాదు కాబట్టి అది నిజంగానే తక్కువ. బెహీకే ధర సిగ్లో 6కి రెట్టింపు దాటిపోతుంది.

ఆకు వచ్చేది క్యూబా పడమటి కొసన పినార్ దెల్ రియో ప్రాంతం నుంచి. అందులో వుయెల్తా అబాహో అనే చోట సాన్ లూయిస్, సాన్ హువాన్ ఇ మార్తీనెస్ అనే ఊళ్ల చుట్టూ ఉన్న మేలైన పొలాల ఆకుని కోహీబాకి ఎంచుతారు. పైఆకు కోసం వేసిన తోట మీద గుడ్డ పందిరి కడతారు. ఎండ నేరుగా తగిలితే ఆకు మందమవుతుంది, నీడలో పల్చగా, నున్నగా వస్తుంది. కోశాక కొట్టాల్లో ఆరబెట్టి, కుప్పలు పేర్చి మాగబెడతారు. మిగతా బ్రాండ్ల ఆకు రెండుసార్లు మాగితే, కోహీబాలో వేసే సెకో, లిహేరో ఆకుల్ని మూడోసారి పీపాల్లో పెట్టి మాగబెడతారు. దాని వల్ల గరుకు తగ్గి పొగ మెత్తబడుతుంది.

ఇది కట్టుకథ కాదు. పక్కపక్కన పెట్టి వెలిగిస్తే తేడా తెలుస్తుంది. కోహీబా పొగలో కోసిన గడ్డి వాసన, కొంచెం తేనె తీపి లాంటిది ఉంటుంది, గొంతు పట్టదు. కాబట్టి "ఉత్త పేరే" అన్నవాళ్లతో నేను ఒప్పుకోను. వస్తువు మంచిదే. కానీ మంచి వస్తువు అనేది ఒక మాట, అంత ధరకి తగిన వస్తువు అనేది ఇంకో మాట.

ఒకే సైజు, ఒకే నేల, రెండు ధరలు

ధర న్యాయమా కాదా తేల్చడానికి నా దగ్గర ఒక సులువైన పద్ధతి ఉంది. కోహీబాలో రోబుస్తో అనే సైజు ఉంది. పొడవు 124 మిల్లీమీటర్లు, లావు 50 నంబరు. సరిగ్గా ఇదే కొలతలో పార్తగాస్ అనే ఇంకో క్యూబా బ్రాండులో సెరీ డి నంబర్ 4 ఉంది. అదే దేశం, అదే వుయెల్తా అబాహో ఆకు, చేత్తో చుట్టే అదే పని, అమ్మేది కూడా అదే హబానోస్ అనే ఒక్క కంపెనీ. ఎంచిన పొలాలు, మూడోసారి మాగబెట్టడం, ఈ రెండూ కోహీబాకి అదనం. మరి ధర? పార్తగాస్‌ది కోహీబాలో మూడో వంతు చుట్టుపక్కల ఉంటుంది.

ఎంచిన ఆకుకి, అదనంగా మాగబెట్టిన నెలలకి ఎంత ఖర్చవుతుంది? కొంచెం ఎక్కువే అవుతుంది, నిజమే. మూడింతలు మాత్రం కాదు. పైగా అన్ని కోహీబాలూ ఎల్ లగీతోలోనే చుట్టరు. గిరాకీ పెరిగాక వేరే ఫ్యాక్టరీల్లో కూడా చుట్టిస్తున్నారు. మిగిలిన తేడా అంతా పసుపు, నలుపు, తెలుపు పట్టీదే.

2022లో ఏం జరిగింది

అంతకుముందు కూడా కోహీబా ఖరీదైనదే, కానీ ఇంత కాదు. ఒక్కో దేశంలో ఒక్కో ధర ఉండేది. 2022లో హబానోస్ ఒక నిర్ణయం తీసుకుంది. కోహీబా, త్రినిదాద్ అనే రెండు బ్రాండ్లకి ప్రపంచమంతా దాదాపు ఒకే ధర ఉండాలని, ఆ ధర హాంకాంగ్ స్థాయిలో ఉండాలని. దాంతో చాలా దేశాల్లో ఒక్కసారిగా రెట్టింపు, కొన్ని చోట్ల అంతకన్నా ఎక్కువైంది. ఆకు అదే, చుట్టే చెయ్యి అదే. మారింది ధరల పట్టిక ఒక్కటే. మా లాంజ్‌లో పాత మెనూ కార్డులు తీసేసి కొత్తవి పెట్టాల్సి వచ్చింది. నెలకోసారి వచ్చి తాగే గెస్టులు కొందరు వేరే బ్రాండ్లకి మారిపోయారు. రోజూ వచ్చే ధనవంతులు మారలేదు.

దీనికి వెనక కారణాలు లేకపోలేదు. చైనాలో గిరాకీ బాగా పెరిగింది. అదే ఏడు సెప్టెంబర్‌లో ఇయన్ తుపాను పినార్ దెల్ రియో మీద పడి ఆకు ఆరబెట్టే కొట్టాల్ని వేలకొద్దీ కూల్చేసింది. క్యూబాలో కరెంటు కోతలు, డీజిల్ కొరత, ఎరువుల కొరత. పని తెలిసిన మనుషులు దేశం వదిలి వెళ్లిపోతున్నారు. ఇల్లు వదిలి వచ్చిన మనకు ఆ సంగతి వేరే చెప్పక్కర్లేదు. సరుకు తక్కువ, కొనేవాళ్లు ఎక్కువ అయితే ధర పెరగడం సహజం. కానీ ధర పెంచిన నిర్ణయం తుపానుకి ముందే వచ్చింది. కాబట్టి పెంపు మొత్తాన్నీ తుపాను మీదికి నెట్టలేం.

హబానోస్‌లో సగం వాటా క్యూబా ప్రభుత్వానిది, మిగతా సగం విదేశీ పెట్టుబడిదారులది. 2023లో ఆ కంపెనీ అమ్మకాలు 72 కోట్ల డాలర్లు దాటాయి. 2024 ఫిబ్రవరిలో హవానాలో జరిగిన పండుగలో, సిగార్లు నింపిన ఒక కోహీబా హ్యూమిడర్ వేలంలో 40 లక్షల యూరోలకు పైగా పలికింది. అది కొన్నవాళ్లు రుచి కోసం కొన్నారని నేననుకోను.

మన గల్ఫ్‌లో ఇంకో పొర ఉంది. 2017లో సౌదీ, యూఏఈ, బహ్రెయిన్, 2019లో ఖతర్, ఒమాన్ పొగాకు మీద నూరు శాతం ఎక్సైజ్ పన్ను వేశాయి. బిల్లులో కొంత అది. ఆపైన హోటల్‌లో అయితే సర్వీసు, ఏసీ, సోఫా, నా చేత్తో వెలిగించడం, అన్నీ అందులోనే.

చుట్టిన చేతికి ఎంత

ఇప్పుడు నన్ను బాగా ఆలోచింపజేసిన సంగతి. క్యూబాలో సిగార్ చుట్టేవాళ్లని తోర్సెదోర్ అంటారు. పై గ్రేడుకి చేరడానికి ఏళ్లు పడుతుంది. మంచి పనివాళ్లు రోజుకి వంద చుట్టుపక్కల చుడతారు. ప్రభుత్వ జీతం బయటి మారకంలో చూస్తే నెలకు కొన్ని పదుల డాలర్లు. అంటే తాను చుట్టిన ఒక్క సిగార్‌ని దోహాలో అమ్మితే వచ్చే డబ్బు, ఆ మనిషి నెల జీతం కన్నా ఎక్కువ.

నిజామాబాద్, కామారెడ్డి, జగిత్యాల, సిరిసిల్ల ఇళ్లలోంచి వచ్చినవాళ్లకి ఈ బొమ్మ కొత్త కాదు. మనలో ఎంతమంది అమ్మలు, భార్యలు చాటలో తునికాకు, తంబాకు పెట్టుకుని బీడీలు చుట్టారు? వెయ్యి బీడీలకి ఇంత అని కూలి. ఆకు బాగా లేదని, బీడీ సన్నగా ఉందని కొన్ని తీసి పక్కన పడేస్తే ఆ కూలి పోతుంది. ఆ వేళ్లలో ఉన్న పనితనం తోర్సెదోర్ వేళ్లలో ఉన్నదానికి తక్కువేం కాదు. ఒకదానికి పసుపు పట్టీ, గాజు గది, వేలంపాట ఉన్నాయి. ఇంకోదానికి కట్ట మీద ఒక లేబుల్ ఉంది. పని విలువ వేరు, ధర వేరు అని ఇంతకన్నా బాగా ఎలా తెలుస్తుంది?

గోదావరి వైపువాళ్లకి ఇంకోటి చెప్పాలి. నది మధ్య లంకల్లో పండే పొగాకుతో చుట్టిన లంక చుట్టలు ఒకప్పుడు ఇంగ్లండ్ దాకా పేరు తెచ్చుకున్నాయి. 1890లో వచ్చిన షెర్లాక్ హోమ్స్ నవల "ద సైన్ ఆఫ్ ఫోర్"లో, బూడిద చూసి గుర్తుపట్టగల రకాల్లో ఒకటిగా లంక చుట్ట పేరు వస్తుంది. అంత పేరున్న మన చుట్ట తాతల నోట్లోనే మిగిలిపోయింది. కారణం ఆకులో లోపం ఒక్కటే అనుకోను. దానికి వెనక నిలబడిన బ్రాండు లేదు, నాయకుడి కానుక అన్న కథ లేదు.

హవానా ఫ్యాక్టరీల్లో ఒక ఆచారం ఉంది, మన పాడ్‌కాస్ట్ వినేవాళ్లకి నచ్చుతుంది. చుట్టేవాళ్లు కూర్చుని పనిచేస్తుంటే ఒక మనిషి ఎత్తు బల్ల మీద కూర్చుని పేపర్లు, నవలలు పైకి చదువుతారు. 1865 నుంచీ ఉంది ఇది. ఒకప్పుడు ఆ చదివే మనిషికి కూలీలే తమ జీతాల్లోంచి తలా కొంత ఇచ్చేవాళ్లు. మాంటెక్రిస్టో అనే సిగార్ బ్రాండుకి ఆ పేరు అలా విన్న నవల నుంచే వచ్చిందంటారు. చేతులు పనిలో, చెవులు కథలో. మీరు స్టీరింగ్ పట్టుకునో గిన్నెలు తోముతూనో మమ్మల్ని వింటున్నట్టే.

చేతికి వస్తే ఏం చేయాలి

ఇప్పుడు పనికొచ్చే మాటలు.

ఒకటి, నకిలీలు. ప్రపంచంలో ఎక్కువగా నకిలీ చేసే సిగార్లలో కోహీబా ఒకటి. పార్కింగ్‌లోనో, వాట్సాప్ గ్రూపులోనో "300 రియాళ్లకి డబ్బా" అంటే అది కోహీబా కాదు, అంతే. డబ్బా మీద గాజు మూత ఉంటే నకిలీ. అసలు డబ్బాకి క్యూబా ప్రభుత్వపు ఆకుపచ్చ సీలు, మూలన హబానోస్ పట్టీ, అడుగున కాల్చి వేసిన ముద్ర, ఫ్యాక్టరీ కోడు, నెల, సంవత్సరం ఉంటాయి. ఇవన్నీ కూడా కాపీ కొట్టేవాళ్లున్నారు. అందుకే అధీకృత దుకాణంలో కొన్న బిల్లుకి మించిన సాక్ష్యం లేదు. మాకు తెలిసిన ఒకాయన ఊళ్లో పెద్దమనిషికి ఇద్దామని రెండు నెలల మిగులు పెట్టి ఒక డబ్బా కొన్నాడు. మా లాంజ్‌లో ఒకటి కోసి చూస్తే లోపల తుక్కు ఆకు. డబ్బు తిరిగి రాలేదు, అమ్మినవాడి నంబరు స్విచాఫ్.

రెండు, అమెరికాలో ఉన్న మనవాళ్లకి. అక్కడ దుకాణంలో కనిపించే, అక్షరంలో ఎర్ర చుక్క ఉన్న కోహీబా క్యూబాది కాదు. డొమినికన్ రిపబ్లిక్‌లో చేసి వేరే కంపెనీ అమ్మేది. 1962 నుంచీ క్యూబా సరుకు మీద ఆంక్షలున్నాయి. 2016లో ప్రయాణికులకి కొంత వెసులుబాటు ఇచ్చి, 2020 సెప్టెంబర్‌లో మళ్లీ తీసేశారు. గల్ఫ్ నుంచి అమెరికా వెళ్లే చుట్టానికి క్యూబా సిగార్ ఇచ్చి పంపకండి.

మూడు, ఇంటికి తీసుకెళ్లడం. ఇండియా కస్టమ్స్‌లో ఒక మనిషికి 25 సిగార్ల దాకానే ఉచితం. సంఖ్య ఒక్కటే కాదు, తెచ్చిన మొత్తం సామాను విలువ కూడా లెక్కలోకి వస్తుంది. కాబట్టి ఒక్క కోహీబా డబ్బాతోనే డ్యూటీ పడొచ్చు. ప్రయాణానికి ముందు కొత్త రూల్ చూసుకోండి. ఎవరో ఇచ్చిన సీల్ చేసిన డబ్బా మాత్రం "ఊళ్లో ఇచ్చెయ్ తమ్ముడూ" అన్నా మోయకండి. లోపల ఏముందో పట్టుబడ్డాక తెలిస్తే లాభం లేదు.

నాలుగు, దాచడం. సిగార్‌కి 65 నుంచి 70 శాతం తేమ, చల్లదనం కావాలి. కారు డ్యాష్‌బోర్డులో పెడితే ఒక్క మధ్యాహ్నంలో పోతుంది. రూములో ఏసీ కూడా ఎండగొడుతుంది. గాలి చొరని డబ్బాలో తేమ ప్యాకెట్ వేసి పెడితే కొంతకాలం ఉంటుంది.

ఐదు, అమ్మడం. విడి సిగార్‌ని, బిల్లు లేనిదాన్ని, తెలిసినవాళ్లెవరూ అసలు ధరకి కొనరు. లైసెన్సు లేకుండా పొగాకు అమ్మి ఇక్కడ చిక్కుల్లో పడొద్దు. ఆ డ్రైవర్ తమ్ముడికి నేను చెప్పింది ఇదే: అది డబ్బు కాదు, కానుక. ఇచ్చిన కఫీల్‌కి షుక్రన్ చెప్పు. నీకు అలవాటు లేకపోతే మొదలుపెట్టకు.

ఆఖరిది ఆరోగ్యం. పొగ లోపలికి పీల్చం కాబట్టి ఏమీ కాదని గెస్టులు అంటుంటారు. అది నిజం కాదు. ఒక పెద్ద సిగార్‌లో ఒక సిగరెట్ ప్యాకెట్‌కి సరిపడా పొగాకు ఉండొచ్చు. నోటి, గొంతు క్యాన్సర్లు సిగార్ తాగేవాళ్లకీ వస్తాయి. ఉత్తరాంధ్ర తీరంలో నిప్పు లోపలికి పెట్టుకుని అడ్డపొగ తాగిన ఆడవాళ్ల అంగుడికి ఏమైందో అక్కడి డాక్టర్లకి బాగా తెలుసు. వంద డాలర్ల ఆకైనా, పది రూపాయల ఆకైనా నోటికి చేసేది ఒకటే.

నా తీర్పు

కోహీబాని తక్కువ అంచనా వేశారా, ఎక్కువ ధర పెట్టారా అంటే, నా సమాధానం ఇది. ఆకు, పనితనం విషయంలో దానికి రావాల్సిన పేరు వచ్చింది. ఎవరూ తక్కువ చెయ్యలేదు. 2022కి ముందు ధరకి "ఖరీదే గానీ పర్లేదు" అనేవాణ్ని. ఇప్పటి ధరకి అలా అనలేను. అదే కొలత పార్తగాస్ మూడో వంతుకి దొరుకుతుంటే మిగతా రెండు వంతులు పేరుకి, కొరతకి, ఎదుటివాళ్లకి చూపించుకోవడానికి. ఆ రెండు వంతుల్లో చుట్టినవాళ్ల చేతికి వెళ్లేది దాదాపు ఏమీ లేదు. నిజంగా తక్కువ అంచనా వేసింది ఆ చేతినే.

వచ్చే వారం ఎపిసోడ్ బీడీ చుట్టే ఆడవాళ్ల పీఎఫ్, పింఛను గురించి. మీ ఇంట్లో అమ్మగానీ అక్కగానీ బీడీలు చుట్టి ఉంటే, వెయ్యికి ఎంత వచ్చేదో, పీఎఫ్ డబ్బు అందిందో లేదో ఒక్క నిమిషం వాయిస్ మెసేజ్ పంపండి. పేరు చెప్పక్కర్లేదు, ఊరు చెబితే చాలు.